హెక్టారు లెక్కకు అందని నష్టం: బెంగళూరు చుట్టుపక్కల రైతులకు కరోనా కాలపు పరిహారం

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశవ్యాప్త లాక్‌డౌన్ అమల్లోకి వచ్చిందీ ఆ రోజునే. బెంగళూరు చుట్టూ పూలతోటలు పెట్టే రైతులకు ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు. ఉగాది, ఆ వెంటనే శ్రీరామనవమి, వాటి వెనకే చైత్ర వైశాఖాల పెళ్లిళ్లు: చామంతి నారు ఎప్పుడు నాటాలి, బంతి ఎప్పటికి కోతకు రావాలి అన్న నిర్ణయాలన్నీ ఈ తేదీలను చూసుకుని తీసుకునేవే. పంట అనుకున్న వేళకే చేతికొచ్చింది. గుడులు, కల్యాణ మండపాలు, పూల బజార్లు మాత్రం మూతపడ్డాయి.

దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, కోలారు, తమిళనాడు సరిహద్దు దాటితే హొసూరు: నగరానికి పూలు, కూరగాయలు, ద్రాక్ష పంపే ప్రాంతం ఇదే. బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు వైపు చాలా ఊళ్లలో ఇంట్లో మాట్లాడేది తెలుగే. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎందరికో ఆ ఊళ్లలో పొలం ఉంటుంది, లేదా పొలం చేసుకునే అన్నదమ్ములో మేనమామలో ఉంటారు. అందువల్ల కరోనా కాలంలో రైతులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారం ఈ నగరపు తెలుగువారికి దూరపు విషయం కాదు. ఎవరికి ఎంత అందింది, పక్క పొలం వారికి పడిన డబ్బు మన ఖాతాలో ఎందుకు పడలేదు అన్న ప్రశ్నలు చాలా ఇళ్లలో ఇప్పటికీ తెగలేదు. వాటికి జవాబు వెతికితే డబ్బు తక్కువైందన్న సంగతి ఎలాగూ తేలుతుంది. దానికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. నష్టం అమ్మకంలో జరిగింది, పరిహారాన్ని భూమి కొలతతో లెక్కగట్టారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరంలోనే అన్యాయాలన్నీ చోటుచేసుకున్నాయి.

మన వ్యవసాయ సహాయ వ్యవస్థ అంతా పంట చెడిపోవడం అనే ఒక్క ఊహ మీద కట్టినది. వరద వచ్చినా, కరువు వచ్చినా, వడగళ్లు పడినా రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి పెట్టుబడి రాయితీ ఇవ్వడానికి ఒక లెక్క ఉంది. 2015 నుంచి 2020 వరకు అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పంటలో 33 శాతం లేదా అంతకు మించి నష్టపోతే వర్షాధార పంటకు హెక్టారుకు 6,800 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 13,500 రూపాయలు, బహువార్షిక పంటకు 18,000 రూపాయలు, 2 హెక్టార్ల పరిమితితో ఇచ్చేవారు. పంటల బీమా కూడా దిగుబడి తగ్గడాన్నో, వాతావరణ సూచికలు తప్పడాన్నో చూస్తుంది. 2020 మార్చిలో ఈ కొలబద్దలు వేటికీ పని లేకపోయింది. దిగుబడి తగ్గలేదు, తోటలు కళకళలాడుతున్నాయి, 33 శాతం నష్టాన్ని ధ్రువీకరించడానికి పొలానికి వచ్చే అధికారికి అక్కడ చెడిపోయిన మొక్క ఒక్కటీ కనిపించదు. కోవిడ్‌ను విపత్తు నిధి ఖర్చుల కోసం విపత్తుగా పరిగణిస్తున్నట్టు కేంద్రం మార్చి 14నే ప్రకటించినా, కొనేవాడు లేక చేలో మిగిలిపోయిన పంటకు ఆ నిబంధనల్లో గడి లేదు. కాబట్టి రాష్ట్రాలు అప్పటికప్పుడు ఒక లెక్క అల్లుకోవలసి వచ్చింది.

అన్ని పంటల్లోకీ పూల పరిస్థితి వేరుగా ఎందుకు ఉందో కొంత వివరంగా చూడాలి. కూరగాయలు, పండ్లు నిత్యావసరాలు. మార్చి చివరి వారంలోనే కేంద్ర హోంశాఖ సాగు పనులకు, మార్కెట్ యార్డులకు మినహాయింపులు ఇచ్చింది. ధర పడిపోయినా, రవాణా కష్టమైనా వాటికి ఏదో ఒక దారి ఉండింది. పూలు నిత్యావసరాల్లోకి రావు. కె.ఆర్. మార్కెట్టులో తెల్లవారుజామున సాగే పూల వ్యాపారం నిలిచిపోయింది. దూరపు ఊళ్లకు పూలబుట్టలు మోసుకెళ్లే బస్సులు ఆగిపోయాయి. బెంగళూరు, హొసూరు గులాబీలను హైదరాబాదుకు, ఢిల్లీకి, కోల్‌కతాకు చేర్చే దేశీయ ప్రయాణికుల విమానాలు మార్చి 25 నుంచి మే 24 వరకు ఎగరలేదు. ఇక పూలు దాచుకునే సరుకు కావు. రాగులు అమ్ముడుపోకపోతే గాదెలో పోసుకోవచ్చు, ఆలుగడ్డ శీతల గిడ్డంగిలో నెలలు ఉంటుంది, కోసిన చామంతి మూడో రోజుకు చెత్త.

పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ కప్పు కింది తోటలో) గులాబీ, జర్బెరా పూలు పెట్టినవారి ఇబ్బంది మరీ లోతైనది. బయట వాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, అమ్మకం లేకపోయినా గులాబీ మొగ్గను రోజూ కోయాల్సిందే. కోయకుండా వదిలితే విచ్చుకున్న పూలు చెట్టు మీదే కుళ్లి తెగులు పట్టిస్తాయి, తర్వాతి కాపు దెబ్బతింటుంది. కోతకు మనుషులు కావాలి, డ్రిప్ ద్వారా ఎరువు పోవాలి, మందు కొట్టాలి. అంటే ఆదాయం సున్నాకు చేరిన వారాల్లో కూడా ఖర్చు దాదాపు మామూలుగానే నడిచింది. రోజుకో కట్ట చొప్పున కోసి గుంతలో పోయడానికి రైతు తన డబ్బులతో కూలి ఇచ్చాడు.

ఈ నేపథ్యంలో 2020 మే 6న అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప 1,610 కోట్ల రూపాయల సహాయాన్ని ప్రకటించారు. పూల రైతులకు హెక్టారుకు 25,000 రూపాయలు, గరిష్ఠంగా ఒక హెక్టారు వరకు ఇస్తామన్నారు. నష్టపోయిన పూలతోటల విస్తీర్ణం 11,687 హెక్టార్లని అంచనా వేశారు. మరో వారానికి, మే నెల మధ్యలో, పండ్లు, కూరగాయల రైతులకు హెక్టారుకు 15,000 రూపాయల చొప్పున, అదే ఒక హెక్టారు పరిమితితో, 162 కోట్లు కేటాయించారు. మొక్కజొన్న రైతులు 10 లక్షల మందికి తలా 5,000 రూపాయల చొప్పున 500 కోట్లు ప్రకటించారు.

కోట్లలో చెప్పినప్పుడు పెద్దగా వినిపించే అంకెను గుంటల్లోకి దించి చూస్తేనే దాని నిజమైన బరువు తెలుస్తుంది. 11,687 హెక్టార్లకు 25,000 చొప్పున లెక్క కడితే సుమారు 29 కోట్లు. 1,610 కోట్ల ప్యాకేజీలో ఇది 2 శాతం కూడా కాదు. అదే ప్యాకేజీలో 7,75,000 మంది ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు తలా 5,000 ఇస్తే అయ్యేది 387 కోట్లకు పైనే. డ్రైవర్లకు ఇవ్వడం తప్పని కాదు, వారి కష్టమూ నిజమైనదే. పూల రైతుల పేరు ప్రకటనలో ముందు వినబడినంత మాత్రాన డబ్బులో వారి వాటా పెద్దదని అనుకోకూడదని చెప్పడానికే ఈ పోలిక.

ఇక రైతు వైపు నుంచి చూద్దాం. హెక్టారు అంటే సుమారు 2.47 ఎకరాలు. హెక్టారుకు 25,000 అంటే ఎకరాకు 10,100 పైచిలుకు, ఎకరాకు 40 గుంటలు కాబట్టి గుంటకు దాదాపు 253 రూపాయలు. అర ఎకరంలో, అంటే 20 గుంటల్లో, చామంతి పెట్టిన రైతుకు వచ్చేది 5,060 రూపాయలు. అదే 20 గుంటల్లో టమోటానో బీన్సో పెట్టి ఉంటే గుంటకు సుమారు 152 చొప్పున 3,035 రూపాయలు. చామంతి రైతు నారు కొని, కట్టెలు పాతి, మందు కొట్టి, కలుపు తీయించి, నాలుగు నెలలు సాకిన తోటకు ఈ మొత్తం దేనికి సరిపోతుంది? మరుసటి పంటకు నారు తెచ్చుకోవడానికి, దుక్కి దున్నించుకోవడానికి కొంత ఆసరా అవుతుంది. దీన్ని నష్టపరిహారం అనడం కంటే తిరిగి నాటుకోవడానికి ఇచ్చిన చేయూత అనడం సరైనది. ఆ దృష్టితో చూస్తే ఈ పథకం అంత చెడ్డదేమీ కాదు. చిన్న రైతుకు, అదీ జూన్ వానలకు ముందు, చేతిలో నాలుగైదు వేలు పడడానికి విలువ ఉంది. కాకపోతే ప్రభుత్వం దానికి పరిహారం అని పేరు పెట్టింది గనుక నష్టంతో పోల్చక తప్పదు.

ఆ పోలికలో పాలీహౌస్ రైతు దగ్గరకు వచ్చేసరికి లెక్క పూర్తిగా తెగిపోతుంది. ఉద్యాన మిషన్ కింద పాలీహౌస్‌కు 50 శాతం రాయితీ ఒక్కో రైతుకు 4,000 చదరపు మీటర్ల వరకే అప్పట్లో దొరికేది. అందుకే చాలా పాలీహౌస్‌లు ఎకరా అటూఇటుగా ఉంటాయి. 4,000 చదరపు మీటర్లు అంటే 0.4 హెక్టారు, దానికి వచ్చే పరిహారం 10,000 రూపాయలు. లక్షల రూపాయల బ్యాంకు అప్పుతో కట్టిన పాలీహౌస్‌కూ, ఆరుబయట బంతి వేసిన ఎకరాకూ ఒకటే రేటు. హెక్టారు అనే కొలతకు మీద ఉన్న పంట ఏమిటో, దాని కింద ఉన్న అప్పు ఎంతో కనిపించదు.

అప్పుల విషయంలో వేరే ఊరట ఉందిగా అని అడగవచ్చు. రిజర్వు బ్యాంకు మార్చి 27న వాయిదాల చెల్లింపును మూడు నెలలు ఆపుకునే వీలు ఇచ్చి, తర్వాత దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. వాయిదా ఆగింది, వడ్డీ ఆగలేదు. అక్టోబరులో కేంద్రం 2 కోట్ల వరకు ఉన్న రుణాలపై వడ్డీ మీద వడ్డీని తానే భరిస్తానని ముందుకొచ్చినప్పుడు గృహ రుణాలు, విద్యా రుణాలు, వాహన రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు, చిన్న పరిశ్రమల రుణాలు ఆ జాబితాలో ఉన్నాయి. పంట రుణాలు, ట్రాక్టరు రుణాలు దానిలోకి రావని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. 3 లక్షల వరకు ఉన్న స్వల్పకాలిక పంట రుణాన్ని సకాలంలో కడితే 4 శాతం వడ్డీయే పడే పాత రాయితీని మాత్రం, ఆలస్యమైనా వర్తించేలా, ఆగస్టు 31 వరకు పొడిగించారు. మూడు లక్షల లోపు పంట రుణం ఉన్న రైతుకు ఇది నిజమైన ఉపకారం. పాలీహౌస్ కోసం దీర్ఘకాలిక రుణం తీసుకున్న రైతు ఈ రెండు ఏర్పాట్లకూ మధ్య ఖాళీలో పడ్డాడు.

కూరగాయలు, పండ్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ద్రాక్ష రైతుకు కోత కాలమే తగిలింది. చిక్కబళ్లాపుర ప్రాంతపు బెంగళూరు బ్లూ ద్రాక్ష ఆ వేసవిలో పెద్ద మొత్తంలో తోటల్లోనే ఉండిపోయింది. ఉద్యాన రైతుల సహకార సంస్థ హాప్‌కామ్స్ దుకాణాలు, బళ్లు కొంత సరుకును నగరంలో అమ్మిపెట్టాయి. అపార్టుమెంట్ల వాళ్లు వాట్సాప్ గుంపుల ద్వారా నేరుగా తోటల నుంచి తెప్పించుకున్నారు. బండి, పాసు, ఫోనులో లెక్క చూసుకునే కుర్రవాడు ఉన్న రైతుకు ఇది బాగా కలిసొచ్చింది, ఇవి లేనివారికి ఆ దారి తెరుచుకోలేదు. రంగు క్యాప్సికం, బ్రకోలీ, లెట్యూస్ వంటివి పండించేవారు హోటళ్లనూ ఐటీ కంపెనీల క్యాంటీన్లనూ నమ్ముకున్నవారు. వాటికి ఇళ్లలో వంటకు అంత గిరాకీ ఉండదు కాబట్టి వారు ఎక్కువ దెబ్బతిన్నారు. రేటు మాత్రం వంకాయకూ వాటికీ ఒకటే. మొక్కజొన్న రైతుకు తలకు 5,000 ఇవ్వడం వీటన్నిటికంటే తేలికగా అమలు చేయగలిగిన పద్ధతి. కోళ్ల వల్ల కరోనా వస్తుందన్న పుకారుతో చికెన్ అమ్మకాలు పడిపోయి దాణాకు గిరాకీ తగ్గడం వారి నష్టానికి ఒక ముఖ్య కారణం.

అయితే ఎంత ఇచ్చారన్నదానికంటే ఎవరికి ఇచ్చారన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

కర్ణాటకలో ఏ రైతు సహాయమైనా మూడు రికార్డులు ఒకదానితో ఒకటి కలిసినప్పుడే ఖాతాలోకి చేరుతుంది. ఒకటి పహణి, అంటే భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే రెవెన్యూ రికార్డు. రెండోది పంట సర్వే, అంటే ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో సీజను వారీగా మొబైల్ యాప్‌లో ఫోటోతో సహా నమోదు చేసినది. మూడోది ఆధార్‌తో ముడిపడ్డ బ్యాంకు ఖాతా. రైతు పేరును, అతని సర్వే నంబర్లను, ఆధార్‌ను కలిపి ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చే ఫ్రూట్స్ అనే వ్యవస్థ ఈ మూడింటినీ ముడివేస్తుంది. ఇంత పని ముందే జరిగి ఉండడం వల్లే 2020లో డబ్బు దళారీ లేకుండా నేరుగా ఖాతాలకు వెళ్లగలిగింది. ఈ మేలును తక్కువ చేయకూడదు. పాత రోజుల్లో చెక్కుల పంపిణీకి పట్టే కాలమూ, మధ్యలో కారిపోయే వాటా గుర్తున్నవారికి దీని విలువ తెలుసు.

కానీ ఆ మూడు రికార్డుల్లో ఏ ఒక్కటి తప్పినా రైతు కనిపించకుండా పోతాడు. పహణిని చేతిలోకి తీసుకుని చూస్తే దానిలో 9వ కాలమ్‌లో యజమాని పేరు ఉంటుంది, 12వ కాలమ్‌లో సాగుదారు, పంట వివరాలు ఉంటాయి. 9వ కాలమ్‌లో చాలాచోట్ల కనిపించేది చనిపోయి ఏళ్లు గడిచిన తాతగారి పేరు. వారసుల పేరు మీదికి మార్చుకోవడాన్ని అక్కడ పౌతి ఖాతా అంటారు. వంశవృక్షం, మరణ ధ్రువపత్రం, అన్నదమ్ములందరి అంగీకారం కావాలి. ఆడపడుచుల సంతకాల దగ్గర మాట పడక, పెద్దలు ఉన్నన్నాళ్లు ఎందుకులే అనుకుని, చాలా కుటుంబాలు ఆ పని వాయిదా వేస్తూ వచ్చాయి. నలుగురు అన్నదమ్ములు ఎవరి చెక్క వారు సాగు చేసుకుంటున్నా కాగితంలో భూమి ఒక్కటే, అదీ ఆధార్ లేని మనిషి పేరు మీద. పరిహారం అలాంటి భూమికి చేరదు.

12వ కాలమ్‌లో ఉన్న చిక్కు ఇంకా పెద్దది. కర్ణాటక భూసంస్కరణల చట్టం 1974 సవరణతో సాగుభూమిని కౌలుకివ్వడాన్ని, సైనికుల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, నిషేధించింది. కౌలుదారుకే భూమి దక్కాలన్న సదుద్దేశంతో దేవరాజ్ అర్స్ హయాంలో వచ్చిన ఆ సవరణ ఎన్నో వేల కుటుంబాలకు భూమి ఇచ్చింది. కౌలు మాత్రం ఆగలేదు, కాగితం నుంచి తప్పుకుంది. నోటిమాట మీద ఏడాదికింత అని గుత్తకు తీసుకునో, పంటలో సగం చొప్పున కోరుకు చేసో సాగు చేసేవారు బెంగళూరు చుట్టుపక్కల ఎక్కువ. నగరంవారు కొని ఉంచుకున్న భూములు ఇక్కడ చాలా ఉండడం దానికి ఒక కారణం. వ్యవసాయేతరులు భూమి కొనడంపై ఉన్న ఆంక్షలను ప్రభుత్వం అదే 2020లో సడలించింది. కౌలుపై నిషేధం మాత్రం అలాగే ఉంది. ఫలితంగా 12వ కాలమ్‌లో సొంత సాగు అనే మాటే ఉంటుంది, పూలు నాటినవాడి పేరు ఎక్కడా ఉండదు. గుత్త డబ్బు ముందే కట్టేసి, పెట్టుబడంతా తానే పెట్టి, ఏప్రిల్‌లో పూలను గట్టున పారబోసినవాడికి పరిహారం రాలేదు. ఒకవేళ వస్తే అది భూమి యజమాని ఖాతాలోకి వచ్చింది. మంచి యజమాని దాన్ని సాగుదారు చేతిలో పెట్టి ఉండవచ్చు. ప్రభుత్వ సహాయం యజమాని మంచితనం మీద ఆధారపడడం సబబు కాదు.

పంట సర్వే విషయానికొస్తే, పూలు, ఆకుకూరలు, కూరగాయలు రెండు మూడు నెలల్లో మారిపోయే పంటలు. ఖరీఫ్‌లో రాగి వేసిన మడిలో డిసెంబరులో చామంతి నాటితే, సర్వే మనిషి వచ్చి వెళ్లిన రోజు ఏది కనిపిస్తే అదే రికార్డు. ఒకే మడిలో నాలుగు సాళ్లు కనకాంబరం, గట్టు వెంట మల్లె ఉంటే యాప్‌లో ప్రధాన పంటే మిగిలే అవకాశం ఎక్కువ. రికార్డులో లేని పంటకు పరిహారం అడగాలంటే ఉద్యాన శాఖ కార్యాలయం చుట్టూ తిరగాలి, అదీ బస్సులు లేని నెలల్లో. 2020 ఆగస్టులో రైతులే తమ పంటను ఫోటో తీసి నమోదు చేసుకునే యాప్‌ను రాష్ట్రం తెచ్చింది. మొదటి విడత పరిహారం తర్వాత జరిగిన మార్పుల్లో నిజంగా పనికొచ్చినది ఇదే. స్మార్ట్‌ఫోన్ లేని ముసలి రైతుకు ఊళ్లో కుర్రవాళ్లు ఎవరో సాయపడితే తప్ప దానివల్ల ఉపయోగం లేదన్నదీ నిజమే.

మూడో రికార్డు దగ్గర తగిలే చిక్కులు చిన్నవి, కానీ విసిగించేవి. పహణిలో పేరు కన్నడలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంగ్లీషులో మరో రకంగా ఉంటుంది. ఒకదానిలో తండ్రి పేరు కలిసి ఉంటే రెండోదానిలో పొడి అక్షరం ఉంటుంది. డబ్బు రైతు అనుకున్న ఖాతాకు కాక ఆధార్ చివరిసారి ముడిపడిన ఖాతాకు వెళుతుంది. సొసైటీ ఖాతాను చూసుకుని డబ్బు పడలేదని బాధపడిన రైతుకు ఎప్పుడో తెరిచి మరిచిన జన్‌ధన్ ఖాతాలో అది పడి ఉండడం అరుదేమీ కాదు.

ఇదే భూమి రికార్డు మీద నడిచే మరో సహాయం పీఎం కిసాన్. ఏడాదికి మూడు విడతలుగా 6,000 రూపాయలు ఇచ్చే ఈ పథకం 2019 ఫిబ్రవరిలో మొదలైంది. కర్ణాటక అప్పట్లో తన వంతుగా మరో 4,000 కలిపేది. 2020 మార్చి 26న ప్రకటించిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో 8.7 కోట్ల మంది రైతులకు 2,000 రూపాయలు ఏప్రిల్‌లోనే ఇస్తామన్నారు. అది ఎలాగూ రావలసిన విడతే, ముందుకు జరిపారంతే. చేతిలో పైసా ఆడని ఏప్రిల్‌లో ఆ రెండు వేలు అక్కరకు వచ్చిన మాట వాస్తవమే కాబట్టి దాన్ని కొట్టిపారేయలేం. కొత్త సహాయంగా లెక్కపెట్టడం మాత్రం సరికాదు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరు మీద ఉందన్నదే అర్హతకు గీటురాయి కావడంతో కౌలుదారు ఇక్కడా బయటే.

రెండో ఏడు పరిస్థితి మరింత దిగజారింది. 2021 ఏప్రిల్ చివర్లో కర్ణాటకలో మళ్లీ ఆంక్షలు వచ్చాయి. మళ్లీ పెళ్లిళ్ల కాలమే. నిత్యావసరాల అమ్మకం ఉదయం 6 నుంచి 10 వరకే. మే 19న ప్రకటించిన 1,250 కోట్ల ప్యాకేజీలో పూల రైతులకు హెక్టారుకు 10,000, పండ్లు, కూరగాయల రైతులకూ 10,000, పరిమితి అదే ఒక హెక్టారు. పూల రైతు రేటు ఒక్క ఏడాదిలో 25,000 నుంచి 10,000కు పడింది. మనం పైన చూసిన 20 గుంటల చామంతికి ఇప్పుడు వచ్చేది సుమారు 2,020 రూపాయలు. 20,000 మంది పూల రైతులకు 12.73 కోట్లని ప్రభుత్వం చెప్పిన అంచనాను భాగిస్తే సగటున తలకు 6,365 రూపాయలు. రెండో ఏడు నష్టం తక్కువగా ఉందని ఎవరూ అనలేదు. మొదటి ఏడు పెట్టుబడి పోగొట్టుకుని, అప్పు చేసి మళ్లీ నాటినవాడికి రెండో దెబ్బ మొదటిదానికన్నా గట్టిగా తగులుతుంది. రేటు తగ్గించడానికి ఖజానా పరిస్థితి తప్ప వ్యవసాయపరమైన కారణం ఏదీ కనిపించదు. వరద నష్టానికి 2 హెక్టార్ల వరకు ఇచ్చే చోట దీనికి ఒక హెక్టారే ఎందుకన్న ప్రశ్నకూ అదే జవాబు.

వేరే విధంగా చేయడం సాధ్యమయ్యేదా? అమెరికా వ్యవసాయ శాఖ 2020లో కరోనా సహాయాన్ని రెండు విడతలుగా ఇచ్చింది. ఏప్రిల్‌లో 1,900 కోట్ల డాలర్ల కార్యక్రమం ప్రకటించి, దానిలో 1,600 కోట్లను నేరుగా రైతులకు కేటాయించింది. సెప్టెంబరులో రెండో విడతగా 1,400 కోట్ల వరకు ప్రకటించింది. ఈ రెండో విడతలో కూరగాయలు, పండ్లు, పూలు వంటి పంటలకు విస్తీర్ణాన్ని పక్కన పెట్టి, 2019లో రైతు అమ్మిన సరుకు విలువను ఆధారంగా తీసుకున్నారు. మొదటి 50,000 డాలర్ల లోపు అమ్మకాలకు 10.6 శాతం, ఆ పైన మెట్లుమెట్లుగా తగ్గే శాతాలు. ఎకరంలో గాజుగది కట్టి పూలు పెంచినవారికీ, ఎకరంలో గుమ్మడి వేసినవారికీ ఒకే మొత్తం వచ్చే సమస్య ఆ పద్ధతిలో ఉండదు. దానికి దాని లోపాలున్నాయి. ఒక్కో వ్యక్తికి పరిమితి 2,50,000 డాలర్లు కావడంతో ఎక్కువ అమ్మేవారికి ఎక్కువ డబ్బు పోయింది. మన దగ్గర ఒక హెక్టారు పరిమితి ఆ పొరపాటును జరగనివ్వలేదు. చిన్న రైతు పక్షాన నిలిచిన నిబంధనగా దానికి ఆ మెప్పు దక్కాలి.

అమ్మకం లెక్క మన దగ్గర దొరకదు అనేది సాధారణంగా వినిపించే అభ్యంతరం. అది సగమే నిజం. కోలారు ఏపీఎంసీ (వ్యవసాయ మార్కెట్ యార్డు) దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. అక్కడికి వచ్చే ప్రతి లాటుకూ రైతు పేరుతో చీటీ పడుతుంది. హెబ్బాళలోని అంతర్జాతీయ పూల వేలం కేంద్రంలో గులాబీల అమ్మకం ఎలక్ట్రానిక్ వేలంలోనే జరుగుతుంది, ఎవరి పూలు ఎంతకు పోయాయో రికార్డు ఉంటుంది. కర్ణాటక మార్కెట్లలో ఆన్‌లైన్ వేలం 2014 నుంచి నడుస్తోంది. ఈ లెక్కలను ఫ్రూట్స్ సంఖ్యకు కలిపి ఉంటే, కనీసం పాలీహౌస్ గులాబీకీ, టమోటాకూ అంతకు ముందు ఏడాది అమ్మకాల ఆధారంగా సహాయం ఇచ్చే వీలు ఉండేది. మిగిలిన సగం నిజం ఏమిటంటే, కె.ఆర్. మార్కెట్టులో తెల్లవారుజామున బుట్ట దించి, కమీషన్ మినహాయించుకున్న డబ్బును చేతిలో తీసుకుని ఇంటికి పోయే చిన్న పూల రైతుకు ఏ చీటీ ఉండదు, ఉన్నా అది తెల్లకాగితం మీది పెన్సిల్ గీత. అమ్మకం లెక్క ఒక్కదాన్నే పట్టుకుంటే అతనూ జాబితా బయటే ఉండిపోతాడు. కాబట్టి చీటీ ఉన్నవారికి అమ్మకం ప్రకారం, లేనివారికి విస్తీర్ణం ప్రకారం అన్న మిశ్రమ పద్ధతే ఈ ప్రాంతానికి తగినది. దానికి కావలసింది విపత్తు వచ్చాక చేసే ప్రకటన కాదు, మామూలు రోజుల్లో మార్కెట్ యార్డుల రికార్డులనూ రైతు రికార్డులనూ కలిపే ఓపికైన పని.

ధర పడిపోయినప్పుడు ఆదుకునే నమూనా దేశంలో లేకపోలేదు. కేరళ 2020 నవంబరు నుంచి 16 రకాల కూరగాయలకు, సాగు ఖర్చు మీద 20 శాతం కలిపి, కనీస ధర ప్రకటించింది. వినియోగించే రాష్ట్రంగా కేరళకు అది సులువు, నాలుగు రాష్ట్రాలకు టమోటా పంపే కోలారుకు ఆ భారం ఎక్కువే అవుతుంది. అయినా ధర నష్టమూ ఒక నష్టమేనని ఒక ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

ఈ లెక్కల్లో ఎక్కడా రానివారు పూలు కోసే, మాలలు కట్టే కూలీలు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. భూమి లేదు కాబట్టి హెక్టారు పరిహారం లేదు, పీఎం కిసాన్ లేదు. జన్‌ధన్ ఖాతా ఉన్న మహిళలకు కేంద్రం మూడు నెలలు ఇచ్చిన 500 రూపాయలు, రేషను, 2020 ఏప్రిల్ నుంచి కర్ణాటకలో రోజుకు 275 రూపాయలకు పెరిగిన ఉపాధి హామీ కూలి, ఇవే వారికి దొరికినవి. ఉపాధి పనులు ఏప్రిల్‌లో చాలా రోజులు సరిగ్గా సాగనే లేదు.

కౌలుదారు సమస్యకు సరిహద్దు అవతలి ఆంధ్రప్రదేశ్ ఒక దారి ప్రయత్నించింది. 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద యజమాని హక్కుకు భంగం లేకుండా 11 నెలలకు సాగుదారు కార్డు ఇస్తారు. రైతు భరోసా కింద ఏడాదికి 13,500 రూపాయల సహాయాన్ని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకు కూడా వర్తింపజేశారు. కార్డుకు యజమాని సంతకం కావాలి, యజమానులు భయంతో పెట్టరు, దానివల్ల కార్డులు అందినవారు తక్కువ అన్న విమర్శ న్యాయమైనదే. కర్ణాటకలో ఆ విమర్శ వరకు కూడా రాలేము, ఎందుకంటే ఇక్కడ కౌలు అన్నదే చట్టం దృష్టిలో లేదు. భూమి హక్కు జోలికి పోకుండా, ఒక్క సీజనుకు, ఒక్క పంటకు, పరిహారం కోసం మాత్రమే చెల్లే సాగు నమోదుకు 1974 నాటి నిషేధం అడ్డు కాకుండా చూడవచ్చు. రైతు తన పంటను తానే ఫోటో తీసి పంపే యాప్ ఇప్పటికే ఉంది. దానిలో యజమాని పేరు పక్కన నాటినవారి పేరుకు ఒక గడి చేర్చడం, ఆ పేరును గ్రామంలో నలుగురి ముందు చదివి ఖాయం చేయడం రెవెన్యూ, ఉద్యాన శాఖలు కలిసి చేయగలిగిన పని.